సలోమి రాలేదు

జూన్ నెలలో పాఠశాల తెరిచిన మొదటి సాయంత్రం జాన్ అయ్యగారు హాజరు పిలిచారు. ఏలియా, తిమోతి, రూతు అని పిలుస్తుంటే ఒక్కొక్కరే లేచి "వందనాలు అయ్యగారూ" అని కూర్చుంటున్నారు. సలోమి అన్నప్పుడు మాత్రం ఎవరూ లేవలేదు. ఆయన మళ్లీ పిలిచారు. ముందు బల్ల మీద కూర్చున్న యాదలక్ష్మి కూడా వెనక్కి తిరిగి చూసింది. పాపం, ఎవరో మొదటి రోజే ఆలస్యం చేసింది అనుకుంది.

"నిన్నేనమ్మా," అన్నారు అయ్యగారు కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"నన్నా అయ్యగారూ? నా పేరు యాదలక్ష్మి గద."

"అది గడప అవతలి పేరు. ఇవతల నీ పేరు సలోమి. నీ దరఖాస్తు చూసి నేనే పెట్టిన. మంచి పేరు."

తరగతి మొత్తం ఆమె వైపు చూసింది. ప్రేమగా విస్తట్లో వడ్డించింది వద్దనడానికి నోరు రాదు కదా, అట్లాంటి ఇబ్బంది యాదలక్ష్మిది. అయినా ఆమె లేవలేదు. ఆయన పెన్నుతో ఏదో గీసి, తర్వాతి పేరుకు వెళ్లిపోయారు.

బెతూయేలు వేదాంత పాఠశాల సరూర్‌నగర్ చెరువు వెనక కాలనీలో, చర్చి మీద రెండో అంతస్తులో ఉంటుంది. సంఘాలకు సేవకులను తయారు చేసే ఏడాది చదువు. నిరుటి దాకా విద్యార్థులంతా ఒక్క జంబుఖానా మీద సరిపోయేవాళ్లు, అందరూ మగవాళ్లే. ఈ ఏడు సాయంత్రం తరగతులు మొదలుపెట్టి, పగలు పని చేసుకునేవాళ్లను, మొట్టమొదటిసారిగా ఆడవాళ్లను కూడా చేర్చుకున్నారు. జంబుఖానా చాలలేదు. చైతన్యపురిలో మూతపడిన ఏదో కోచింగ్ సెంటర్ నుంచి బల్లలు తెచ్చి వేశారు. యాదలక్ష్మి కూర్చునే బల్ల మీద ఎవరో కాంపస్ ముల్లుతో "దేవుడా, ఈ ఫిజిక్స్ నుంచి కాపాడు" అని చెక్కి పెట్టారు. ఇన్నాళ్లకు ఈ ప్రార్థన సరైన ఆఫీసుకు చేరిందని పిల్లలు నవ్వుకునేవాళ్లు.

పాఠశాల ఎంత పెరిగినా ఒక ఆచారం మాత్రం మారలేదు. ఇక్కడ చేరినవాళ్లు ఇంటి పిలుపు వదిలి బైబిల్లోని పేరు ఒకటి పెట్టుకోవాలి. చదువు అయ్యాక ఆ పేరుతోనే పట్టా ఇస్తారు, ఆ పేరుతోనే బస్తీకో పల్లెకో సేవకు పంపుతారు. యాదలక్ష్మికి బాప్తిస్మం ఇచ్చిన ముసలి పాస్టరుగారు పేరు సంగతి ఎత్తలేదు, తర్వాత రిటైరై వెళ్లిపోయారు. అందుకే ఆమెకు ఈ ఆచారం ముందుగా తెలియలేదు.

చాలామందికి అది సంతోషమే. పక్కన కూర్చునే రమ్య ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ గుంటూరు వాళ్ల పిల్ల. రూతు అనే పేరు రాగానే ఫోన్‌లో, వాట్సాప్‌లో, ఆఖరికి టిఫిన్ డబ్బా మూత మీద కూడా అదే రాసేసుకుంది.

"రమ్య అంటే మా ఇంట్లో తిట్టడానికి పిలిచే పేరు. రూతు అని ఇంతవరకూ ఒక్కళ్లూ తిట్టలేదు. నువ్వూ పెట్టేసుకోవే, నీకేం పోయింది?" అంది.

"నాదైతే పోయినా పోనీ అందును రమ్యా. అది మా అమ్మది."

"నన్ను రమ్య అంటావేంటే మళ్లీ!"

యాదలక్ష్మి తల్లి ఈరమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గుడి సందు మొదట్లో పూలమ్ముతుంది. నల్గొండ దిక్కు పల్లె నుంచి పిల్లను చంకనేసుకుని వచ్చిన మనిషి. కొత్తపేటలో కిరాయి గది. కూతురు దూరవిద్యలో డిగ్రీ చేసి, పగలు చీరలకు ఫాల్స్ కుట్టే దుకాణంలో పని చేస్తుంది. రెండేళ్ల కింద ఈరమ్మ జ్వరంతో దవాఖానలో పడి ఉన్నప్పుడు, పక్క మంచం వాళ్లను చూడ్డానికి వచ్చే చర్చి ఆమె ఒకతి వీళ్లకు కూడా రోజూ గంజి తెచ్చేది. గ్లాసు తనే కడిగి పెట్టి పోయేది. ఆమె వెంట యాదలక్ష్మి ఒక ఆదివారం చర్చికి పోయింది, ఇక పోతూనే ఉంది.

"గంజి తాగింది నేను, దేవుణ్ని మార్చుకున్నది నువ్వు," అని ఈరమ్మ నవ్వేది. అంతకు మించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆదివారం పొద్దున కూతురి కంటే ముందే లేచి వేడినీళ్లు పెట్టేది.

ఆ సాయంత్రం యాదలక్ష్మి వచ్చేసరికి తల్లి మల్లెమొగ్గలు ముందేసుకుని దారానికి అల్లుతోంది.

"బడి ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్నది. పేరు మార్చుకోమంటున్నరు. సలోమి అని."

"అంటే ఏంది?"

"శాంతి అని అర్థమంట."

"నీకా?" ఈరమ్మ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, చేతిలోని మొగ్గ చూసుకుంటూ నెమ్మదించింది. "నీకు ముందు ఇద్దరు పోయిన్రు. పేరు పెట్టకముందే పోయిన్రు. నువ్వు కడుపుల పడ్డప్పుడు యాదగిరిగుట్ట నర్సన్నకు మొక్కుకున్న, ఈ ఒక్కదాన్ని ఉంచు, అమ్మవారి పేరు పెట్టుకుంట అని. నువ్వు ఉన్నవు. నువ్వు ఏ దేవునికి దండం పెట్టుకుంటవో నీ ఇష్టం, నేనేమన్న అన్ననా? పేరు ముచ్చట మాత్రం వేరే. అది నేను పెట్టిన."

మర్నాడు హాజరు పిలిచినప్పుడు యాదలక్ష్మి ఇబ్బంది పడలేదు. చేతులు బల్ల మీద పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"సలోమి?"

జవాబు లేదు.

"సలోమి రాలేదు," అని తనకు తనే చెప్పుకుంటూ రాసుకున్నారు అయ్యగారు.

రోజూ అదే తంతు. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్న మనిషి రాలేదని రాసుకుంటారు ఆయన. ఆమె పాఠం వింటుంది, ప్రశ్నలు అడుగుతుంది, ఆయన జవాబులూ చెబుతారు. హాజరు ఒక్కటే లేదు. ఒకరోజు వెనక బల్ల నుంచి తిమోతి లేచి, "అయ్యగారూ, సలోమి రాలేదు గానీ యాదలక్ష్మక్క వచ్చింది," అన్నాడు. తరగతి గొల్లుమంది. తిమోతి ఆ పూటంతా మెట్ల దగ్గర నిలబడ్డాడు.

శనివారాల్లో ఒక్కో విద్యార్థి తరగతి ముందు నిలబడి ప్రసంగం చేయాలి. సలోమి రానందువల్ల సలోమి వంతు కూడా రాలేదు. దాంతో యాదలక్ష్మి చర్చి డాబా మీదకు పోయి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి చెప్పుకోవడం మొదలుపెట్టింది. వినడానికి రమ్య ఒక్కతే, చేతిలో మిర్చిబజ్జీ పొట్లంతో.

"నేలకు చెప్తున్నావే నువ్వు. నేలకేం పాపం ఉంది? నాకు చెప్పు," అనేది. ఇంకోసారి, "గొంతు పెంచు, మెట్రో పోతుంది," అనేది. వాన తెరిపిచ్చిన సాయంత్రాల్లో, కింద మైకులో పాటలు సాధన చేస్తుంటే, ఆ పాటలకు పైన తన గొంతు నిలిచేదాకా యాదలక్ష్మి మాట్లాడింది. మొదట్లో మూడు ముక్కలు చెప్పేసరికి నోరెండిపోయేది. చలికాలం వచ్చేసరికి రమ్య బజ్జీ నమలడం మర్చిపోయి వింటోంది.

అర్ధసంవత్సరం పరీక్షలకు హాజరు చాలలేదని ఆమెను లోపలికి రానివ్వలేదు. ఆమె గొడవ పెట్టుకోలేదు. గది బయట మెట్ల మీద కూర్చుని, రమ్య కిటికీలోంచి అందించిన ప్రశ్నపత్రం ఒళ్లో పెట్టుకుని, అందరితో పాటు రాసి, అందరితో పాటు ఇచ్చేసింది. పైన పెద్ద అక్షరాలతో తన పేరు తను రాసుకుంది. ఆ కాగితాలు చెత్తబుట్టలోకి పోతాయనే అనుకుంది. వారం తర్వాత జాన్ అయ్యగారు వాటిని ఆమె బల్ల మీద పెట్టారు. ప్రతి పేజీలో ఎర్రసిరాతో దిద్ది ఉంది. తప్పులున్న చోట ఎందుకు తప్పో కూడా వివరంగా రాశారు. దిద్దకపోయినా ఆయన్ను అడిగేవాళ్లు లేరు. యాదలక్ష్మి ఆ ఎర్రసిరా గీతలను ఇంటికి పోయేదాకా చూస్తూనే ఉంది.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆయన ఆమెను గదికి పిలిచారు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకాల తెలుగు మాట్లాడే ఆయన, గదిలో మాత్రం సరూర్‌నగర్ మాటే మాట్లాడతారు.

"కూసో. ఛాయ్ తాగుతవా? నువ్వు మొండిదానివని కమిటీ వాళ్లు అంటున్నరు. నేను కాదన్న. మొండితనం కాదు, తెల్వకపోవడం అన్న."

"తెలుసుకుందామనే వచ్చిన అయ్యగారూ. తొలినాటి సంఘాల్లో గ్రీకు దేవతల పేర్లున్న మనుషులు ఉన్నరని మీరే చెప్పిన్రు. వాళ్ల పేర్లు ఎవ్వరూ మార్చలేదు గద?"

"చెప్పిన. అది పాఠం." ఆయన కప్పు పక్కన పెట్టారు. "నా పేరేందో తెలుసా నీకు? జనార్ధన్. ఈ చెరువు చుట్టున్న పొలాల్లో మా నాయనవి సగం. నేను జాన్‌నైన నాడు మా నాయన వాకిట్ల నిలబడి, నా కొడుకు జనార్ధన్ సచ్చిపోయిండు అని ఊరందరు వినేటట్టు చెప్పిండు. స్నానం చేసిండు. మా అమ్మ లోపలున్నది, బయటికి రానియ్యలే. ఆమె పోయినప్పుడు గూడ రానియ్యలే. అంత ఇడిచిపెట్టి తెచ్చుకున్న పేరమ్మా ఇది. ఇయ్యాల నువ్వొచ్చి, మార్చే పనే లేదు, అదొక ముచ్చటే కాదు అంటే, నేను పోగొట్టుకున్నదంత దేనికి?"

చాయ్ చల్లారిపోయింది. ఆయన గొంతులో కోపం ఉంటే యాదలక్ష్మి ఎదిరించేదే. కోపం లేదు.

ఇంటికి నడుస్తూ ఆమె మనసు మెత్తబడింది. ఒక మనిషి ఇంత ఇచ్చి నిలబడ్డ చోట తను పేరు కోసం పట్టుబట్టడం ఎందుకు, ఇంట్లో ఎట్లాగూ పాత పేరే కదా అనుకుంది. తల్లికి అదే చెప్పింది.

ఈరమ్మ అల్లడం ఆపలేదు. "సరే. నేనేమని పిలవాలె?"

"ఇంట్ల యాదలక్ష్మే అమ్మా."

"అట్లనా. అంటే నా పిలుపు ఇంట్లనే ఉండాలె. గల్లీలకు రావొద్దు, నలుగురు ఉన్న తాన రావొద్దు." మూర కొలిచి తెంపింది. "కానియ్. నాకు నువ్వు ఉంటే సాలు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆ రాత్రి యాదలక్ష్మికి అన్నం సయించలేదు. అయినా సోమవారం నాడు హాజరులో సలోమి అంటే లేద్దామనే నిర్ణయానికి వచ్చింది. అంతలో శుక్రవారం నాడు బాటసింగారం నుంచి కబురు వచ్చింది, జంగయ్య పోయాడని.

విద్యార్థులంతా ఆదివారాలు ఏదో ఒక చోట సేవకు పోవాలి. అక్కడ హాజరు ఉండదు కాబట్టి యాదలక్ష్మి ఏడాది పొడుగునా పోయింది. ఆమె పోయేది బాటసింగారానికి. పండ్ల మార్కెట్ అక్కడికి మారినప్పుడు దాంతో పాటే మారిన హమాలీ కుటుంబాల మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది, అదే వాళ్ల ప్రార్థన మందిరం. జంగయ్య అక్కడి హమాలీ. కుడి భుజం మీద బరువులు మోసి మోసి కాయ కాసిన మనిషి. దెబ్బ తగిలిన బత్తాయిలు ఏరి తెచ్చి, ప్రార్థన అయ్యాక పిల్లలకు ఒలిచి పెట్టేవాడు. మొన్న క్రిస్మస్‌కు జాన్ అయ్యగారే ఆయనకు బాప్తిస్మం ఇచ్చారు. ఆయన భార్య అండాలమ్మ మాత్రం షెడ్డు బయట రాయి మీద కూర్చునేది. లోపలికి రమ్మంటే, "నేను ఊకె చూడ్డానికొచ్చిన," అనేది.

లారీ మీది నుంచి బస్తా దించుతూ జంగయ్య కూలబడిపోయాడు. మళ్లీ లేవలేదు. తనను చర్చి వాళ్లే సాగనంపాలని ముందే చెప్పి ఉన్నాడట. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు ఇష్టం లేకపోయినా, అండాలమ్మ ఆయన మాటే నిలబెట్టింది. జాన్ అయ్యగారు విద్యార్థులను తీసుకుని వ్యానులో వెళ్లారు.

గుంత దగ్గర ఒక పక్క తెల్లబట్టల్లో చర్చి వాళ్లు, ఇంకో పక్క చుట్టాలు. అయ్యగారు పుస్తకం తెరిచి, గంభీరంగా మొదలుపెట్టారు.

"మన ప్రియ సహోదరుడు ఎలీషా ప్రభువునందు నిద్రించినాడు. ఎలీషా మంచి సాక్ష్యం గలవాడు. ఎలీషా యొక్క కుటుంబమును ప్రభువు ఆదరించును గాక..."

చుట్టాల్లో గుసగుసలు లేచాయి. చనిపోయినాయన తమ్ముడు మెడ చాచి అటూ ఇటూ చూశాడు. చివరికి ముందుకొచ్చి, మర్యాదగానే అడిగాడు.

"ఓ సారూ, జర ఆగున్రి. మీరు ఎవరి తానికి పోవాలె? అడ్రస్ తప్పినట్టున్నరు."

"ఇక్కడికే వచ్చినామయ్యా. ఎలీషా..."

అప్పుడు అండాలమ్మ తలెత్తింది. పొద్దటి నుంచి ఆమె కంట నీటిచుక్క రాలేదు, మాట రాలేదు. "ఎలీషా ఎవలు?" అంది. "అయ్యా, మా ఆయన గిక్కడ పండుకున్నడు. ఇగో, గీయిన. మీరు ఎవల గురించి చెప్తున్నరు?"

జాన్ అయ్యగారు అటు తిరిగి తిమోతి వైపు చూశారు. తిమోతి నేల చూశాడు. బాప్తిస్మం నాడు ఎలీషా అని పేరు పెట్టింది ఆయనే, కానీ ఆ మనిషి పాత పేరు గుర్తు లేదు. బహుశా ఎన్నడూ అడగలేదు.

యాదలక్ష్మి కొంగు తల మీదికి లాక్కుని గుంత అంచుకు పోయింది.

"జంగయ్యన్నా," అంది. డాబా మీద మెట్రో శబ్దం మీదుగా వినిపించడం నేర్చిన గొంతు అది. లారీల హారన్ల మీదుగా అందరికీ వినబడింది. "ఈ భుజం మీద ఎన్ని బస్తాలు మోసినవో నీకే లెక్క తెల్వదు. దెబ్బ తగిలిన పండు పారేయకపోతుంటివి. మంచి దిక్కు కోసి పోరగాళ్లకు పెడుతుంటివి. దేవుడు గూడ నిన్ను గట్లనే చూసుకుంటడు. ప్రభువా, ఈయన జంగయ్య. అండాలమ్మ పెనిమిటి, గీ తమ్మునికి అన్న. నీ తానికి ఒస్తున్నడు."

అండాలమ్మ పెద్దగా ఏడ్చింది. చుట్టాల ఆడవాళ్లు వచ్చి ఆమెను పట్టుకున్నారు. జంగయ్య తమ్ముడు మొదటి మన్ను పోసి, రెండో పిడికిలి తీసి, యాదలక్ష్మి చేతిలో పెట్టాడు.

తిరిగి వస్తుంటే వ్యానులో, హయత్‌నగర్ దాటాక అయ్యగారు కిటికీ వైపే చూస్తూ అన్నారు. "నువ్వు అడ్డం రావొద్దుండె."

"మీకు పేరు తెల్వదు అయ్యగారూ."

"నాకు తెలిసింది దేవుని ముందర ఆయనకున్న పేరు."

"దేవునికి రెండు పేర్లూ తెలుసు. అండాలమ్మకు ఒక్కటే తెలుసు."

యాదలక్ష్మి అంతటితో ఆపలేదు. తను ఇన్నాళ్లూ పట్టుబట్టింది తల్లి కోసమే అనుకుంది. ఇప్పుడది ఒక్క తల్లి ముచ్చట కాదు. "సోమవారం నుంచి సలోమి అంటే లేద్దామనుకున్న. లేవను. మీరు పోగొట్టుకున్నది పెద్దదే అయ్యగారూ, నేను కాదంటలేను. మీది మీరు ఇచ్చిన్రు. నాది నేను ఇయ్య."

ముందు సీటులోంచి రమ్య వెనక్కి తిరిగి చూసింది.

వార్షిక పరీక్షలు కూడా ఆమె మెట్ల మీదే రాసింది. ఈసారి రమ్య కిటికీలోంచి అందించాల్సిన పని పడలేదు, ప్రశ్నపత్రం ఆఫీసు నుంచే వచ్చింది. అన్నీ పాసైంది. పాఠశాలకు ఆ ఏడు బాగా పేరొచ్చింది. వచ్చే ఏడుకు పక్క ఇల్లు కూడా కిరాయికి తీసుకుంటున్నారు. బాటసింగారం వాళ్లు తమ షెడ్డుకు సేవకురాలిగా యాదలక్ష్మిని పంపమని పెద్దల కమిటీని అడిగారు. కమిటీ కూర్చుంది. పంపుతాం, కానీ సలోమిగానే పంపుతాం అంది. ఆ పేరుతో పట్టా తీసుకోవాలి, ఆ పేరుతో, సేవకు అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన చేయించుకోవాలి. లేకపోతే పట్టా లేదు, పంపడమూ లేదు.

"తీసేసుకోవే," అంది రమ్య బతిమాలుతూ. "ల్యామినేషన్ చేయించి బీరువాలో పడెయ్. ఎవరు చూడొస్తారు?"

"నేను చూస్త గద."

"మరి ఏం చేస్తావ్?"

"పోత. మోకరిస్త. సలోమి అని మొదలుపెడితే లేచి బయటికొస్త."

"అంతమంది ముందా!"

"అంతమంది ముందరే."

ఆ వారం ఆమె అండాలమ్మను చూడ్డానికి వెళ్లింది. అండాలమ్మ ఒక ముచ్చట చెప్పింది. "మీ పెద్దసారు వచ్చిండమ్మా, ఒక్కడే, బస్సుల. నీ పెనిమిటి ఎట్లాంటోడు, చెప్పు అన్నడు. చిన్నప్పటి కాడి నుంచి అన్నీ అడిగిండు. చానసేపు కూసున్నడు. గా రాయి మీదనే." యాదలక్ష్మి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాన్ని బట్టి ఏ ఆశా పెట్టుకోలేదు కూడా. కమిటీ మాట కమిటీ మాటే.

ప్రతిష్ఠ ఆరాధన ఆదివారం పొద్దున్నే పెట్టారు. చర్చి నిండిపోయింది. ఈరమ్మ కూడా వచ్చింది. జీవితంలో ఎన్నడూ ఆ గుమ్మం తొక్కని మనిషి, పూలబుట్ట గేటు దగ్గర దించి, చివరి వరసలో ఒక మూలకు నిలబడింది. ఎవరో ముసలామె జరిగి చోటిచ్చి, తన వైపున్న టేబుల్ ఫ్యాను ఈరమ్మ వైపు తిప్పింది. యాదలక్ష్మి దూరం నుంచి అది చూసి కాస్త నిబ్బరపడింది.

చదువు ముగించినవాళ్లు వరసగా నడిచి వచ్చి బలిపీఠం ముందు మోకరిస్తారు. జాన్ అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, ప్రతిసారీ ఒకే మాట అంటారు. "ప్రభువా, మా సహోదరుడైన తిమోతిని నీ పని నిమిత్తము నీ చేతికి అప్పగించుచున్నాము." పక్కన నిలబడ్డ కమిటీ సెక్రటరీ పట్టా అందిస్తాడు. మధ్యలో మైకు స్టాండు. తిమోతి అయ్యాడు. ఏలియా అయ్యాడు. రూతు లేచి పక్కకు పోతూ యాదలక్ష్మి భుజం గిల్లింది.

యాదలక్ష్మి మోకరించింది. సెక్రటరీ చేతిలో పట్టా మీద బంగారు రంగు అక్షరాలు ఆమెకు తలకిందులుగా కనిపించాయి. సలోమి. ఆమె కుడి కాలి వేళ్లు నేలకు ఆనించి, లేవడానికి సిద్ధంగా పెట్టుకుంది.

తల మీద చెయ్యి పడింది. బరువైన చెయ్యి, కొంచెం చెమట పట్టి ఉంది.

"ప్రభువా, మా సహోదరియైన..."

ఆయన ఆగారు.

మైకులో సన్నటి హోరు. మూలన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆమె కళ్లు మూసుకుని ఎదురుచూసింది. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు, తర్వాత నోటితో చిన్నగా "సలోమి" అని అందించాడు. అయినా ఆయన పలకలేదు. ఆ ఖాళీ అట్లాగే ఉంది. తనకోసమే ఆగారో, గొంతే పెగల్లేదో ఆమెకు తెలియదు. తెలుసుకోవాల్సిన పని కూడా లేదనిపించింది. తల ఎత్తింది.

"యాదలక్ష్మిని," అంది.

మైకు ఆ మాటను పట్టుకుంది. లోపలి స్పీకర్ల నుంచి, బయట గేటు మీది స్పీకరు నుంచి, కాలనీ గల్లీలో పాలప్యాకెట్లు తెచ్చుకుంటున్న వాళ్ల దాకా పోయింది. ముందు వరసలో కమిటీ పెద్ద ఒకాయన సగం లేచాడు. వెనక ఎక్కడో ఒక గొంతు చిన్నగా దగ్గింది.

చెయ్యి ఆమె తల మీద నుంచి కదల్లేదు.

"...నీ పని నిమిత్తము," అన్నారు జాన్ అయ్యగారు, "నీ చేతికి అప్పగించుచున్నాము. ఆమేన్."

సగం మంది ఆమేన్ అన్నారు. మిగతా సగం అనాలో వద్దో తేల్చుకోలేదు. యాదలక్ష్మి లేచింది. సెక్రటరీ మొహం ఎర్రగా పెట్టుకుని పట్టా చాపాడు. ఆమె రెండు చేతులతో అందుకుని, ఒకసారి చదివి, బల్ల మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద పాటల పుస్తకం ఒకటి ఉంచింది.

"ఇది నాది కాదు," అంది.

"పట్టా లేకుండ ఎక్కడికి పోతవమ్మా నువ్వు?" సెక్రటరీ పళ్ల సందుల్లోంచి అడిగాడు.

యాదలక్ష్మి కొంగు సర్దుకుని, నడవలో అందరి మధ్య నుంచి చివరి వరస దాకా నడిచింది. గుమ్మం దగ్గర తిరిగి, మైకు అవసరం లేకుండానే జవాబు చెప్పింది.

"బాటసింగారం పోత. అక్కడ ప్రార్థన టైమయితున్నది."